లెక్క రాని ‘మేక్’కు లెక్కలు నేర్పడం ఎలా?

రెండుకు మూడు కలిపితే ఎంత? ఒకటో తరగతి పిల్లాడు కూడా చెప్తాడు. కానీ ప్రపంచంలో ఎన్నో పెద్ద సాఫ్ట్‌వేర్లను తయారుచేసే ‘గ్నూ మేక్’ అనే పనిముట్టును అడిగితే మాత్రం నేరుగా జవాబు రాదు. అందులో కూడిక లేదు, తీసివేత లేదు, గుణకారం, భాగహారం అసలే లేవు. లినక్స్ కెర్నల్ అంతటి మహా కట్టడాన్ని బిల్డ్ చేసేది ఇదే. అయినా దీనికి హిసాబ్ రాదు.

ఇది తమాషాగా అనిపించినా, దీని వెనుక నలభై ఏళ్లకు పైబడిన చర్చ ఉంది. ఒక పనిముట్టుకు ఎంత తెలివి నేర్పాలి? ఎక్కడ ఆపాలి? నేర్పకపోతే ఏం నష్టం, నేర్పితే ఏం నష్టం? అమీర్‌పేట్‌లో డెవాప్స్ కోర్సులు చేస్తున్న పిల్లలు ఈ చిక్కులో ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కునేవాళ్లే. అందుకే విషయాన్ని మొదటి నుంచి చూద్దాం.

దర్జీ చేసే పనే

బిల్డ్ టూల్ అంటే ఏమిటి? షేర్వానీ కుట్టాక చేతులు పొడుగయ్యాయని కస్టమర్ అంటే, దర్జీ మొత్తం బట్ట విప్పేయడు. చేతులు మాత్రం విప్పి, మళ్లీ కుట్టి, భుజానికి అతికిస్తాడు. మేక్ చేసేది కూడా ఇదే. ఒక ప్రోగ్రాములో వందలు, వేల ఫైళ్లు ఉంటాయి. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో ‘మేక్‌ఫైల్’ అనే కాగితం మీద రాసిపెడతారు. ఏ ఫైలు మారిందో టైము చూసి మేక్ కనిపెడుతుంది. మారిన దాన్ని, దాని మీద ఆధారపడిన వాటిని మాత్రమే తిరిగి తయారుచేస్తుంది.

దీన్ని 1976లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒకరోజు ఉదయమంతా ఒక తప్పు కోసం వెతికి వెతికి విసిగిపోయారు. తీరా చూస్తే తప్పు అప్పటికే దిద్దేశారు, కానీ ఆ ఫైలును తిరిగి కంపైల్ చేయడం మరిచిపోయారు. ఇలాంటి తిప్పలు తప్పించడానికే మేక్ పుట్టింది. ఈ పనికే ఫెల్డ్‌మన్‌కు 2003లో ఏసీఎం సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు దక్కింది. తర్వాత రిచర్డ్ స్టాల్‌మన్, రోలాండ్ మెక్‌గ్రాత్ రాసిన గ్నూ మేక్ ఇవాళ ఎక్కువగా వాడుకలో ఉంది. చాలా ఏళ్లుగా దాని బాధ్యత పాల్ స్మిత్ చూస్తున్నారు.

మేక్ దృష్టిలో ప్రపంచమంతా అక్షరాలే. ఫైలు పేరు ఒక మాట. పేర్ల జాబితా అంటే మధ్యలో ఖాళీ వదిలిన మాటల వరుస. 8 అన్నది కూడా దానికి అంకె కాదు, ఒక గుర్తు. అందుకే 8, 08 ఒకటేనా అని అడిగితే కాదంటుంది. రెండింటి రాత వేరు మరి.

అంకెలతో పనేముంది?

ఫైళ్లు కుట్టే దర్జీకి లెక్కలెందుకు అని అనుకోవచ్చు. కానీ అవసరాలు వచ్చిపడతాయి. కంప్యూటర్‌లో 8 ప్రాసెసర్ కోర్‌లు ఉంటే సగం మాత్రమే వాడుకుందాం అనుకుంటే భాగహారం కావాలి. ప్రతి బిల్డ్‌కు ఒక నంబర్ పెంచాలంటే కూడిక కావాలి. కంపైలర్ ఫలానా వెర్షన్ కంటే కొత్తదా, పాతదా తెలియాలంటే పోలిక కావాలి.

చిన్న చిప్‌ల కోసం ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకు వాడే ఆర్డుయినో ఊనో బోర్డునే చూడండి. అందులో ఫ్లాష్ మెమరీ 32,768 బైట్లు. బూట్‌లోడర్‌కు 512 పోగా మిగిలేది 32,256. తయారైన ప్రోగ్రాము అందులో పడుతుందా లేదా అన్నది అంకెల పోలిక. మేక్‌లో ఉన్న ‘సార్ట్’ వాడితే అది అక్షరాల వరుసలో పేరుస్తుంది. 9800 అనేది 9తో మొదలవుతుంది, 32256 అనేది 3తో మొదలవుతుంది. కాబట్టి 9800 పెద్దదన్న లెక్క వస్తుంది. హాయిగా పట్టే ప్రోగ్రామును పట్టదని తేల్చేస్తుంది.

వెర్షన్లలో కూడా ఇదే ఇబ్బంది. 4.9 తర్వాత వచ్చేది 4.10. అక్షరాల వరుసలో మాత్రం 4.10 ముందు, 4.9 తర్వాత. కొత్త కంపైలర్ వేసుకున్నా పాతదే అనుకుని బిల్డ్ దారి తప్పుతుంది.

తస్బీహ్ పూసల లెక్క

లెక్క లేని చోట లెక్కను పుట్టించిన వాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన ప్రోగ్రామర్ జాన్ గ్రాహమ్-కమింగ్ ‘గ్నూ మేక్ స్టాండర్డ్ లైబ్రరీ’ అనే దాన్ని తయారుచేశారు. అలన్ ట్యూరింగ్‌కు జరిగిన అన్యాయానికి బ్రిటన్ ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని 2009లో పిటిషన్ నడిపి సాధించింది ఈయనే. మేక్‌కు మాటల జాబితాలు మాత్రమే తెలుసు కదా, వాటితోనే అంకెలు చేద్దాం అన్నది ఆయన ఉపాయం.

తస్బీహ్ తిప్పేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. 33 అని ఎక్కడా రాసి ఉండదు, పూసలు 33 ఉంటాయి. అట్లాగే ఇక్కడ 5 అంటే ‘ఎక్స్’ అనే అక్షరం ఐదుసార్లు, మధ్యలో ఖాళీలతో. ఇక కూడిక అంటే రెండు జాబితాలను పక్కపక్కన పెట్టడమే. ఎంతైందో తెలియాలంటే మాటలను లెక్కపెట్టే ‘వర్డ్స్’ అనే ఫంక్షన్ మేక్‌లో ముందే ఉంది. గుణకారం కావాలంటే మొదటి జాబితాలోని ఒక్కో పూసకు రెండో జాబితా మొత్తాన్ని ఒకసారి రాయాలి. ‘ఫోర్‌ఈచ్’ ఆ పని చేస్తుంది.

తీసివేత ఇంకా ముచ్చటగా ఉంటుంది. రెండు జాబితాలను ‘జాయిన్’తో జతకడితే పూసకు పూస అతుక్కుని జంటలవుతాయి. ఏ జంటా దొరకని పూసలు ఒంటరిగా మిగులుతాయి. జంటలను ‘ఫిల్టర్-అవుట్’తో ఏరిపారేస్తే మిగిలిందే జవాబు. జంటలను ఏరేయకుండా ఒక్కో జంటను ఒక్క పూసగా మారిస్తే రెండింటిలో పెద్ద సంఖ్య వస్తుంది.

ఉపాయం గట్టిదే. కానీ పెద్ద అంకెలకు నిలవదు. వెయ్యిని వెయ్యితో గుణిస్తే పది లక్షల పూసలు. ఖాళీలతో కలిపి దాదాపు 20 లక్షల అక్షరాలు మెమరీలో పేర్చాలి. సున్నా కంటే తక్కువ సంఖ్యకు పూసలే లేవు. స్థానాన్ని బట్టి విలువ మారే అంకెలు, సున్నా ఎంత పెద్ద వరమో ఇక్కడే తెలుస్తుంది. ఆ పద్ధతి హిందుస్తాన్‌లో పుట్టింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న అల్-ఖ్వారిజ్మీ దాని మీద పుస్తకం రాశారు. ఇవాళ కంప్యూటర్ వాళ్లు రోజూ అనే ‘అల్గారిథమ్’ అన్న మాట ఆయన పేరు నుంచి వచ్చిందే. అలాంటి పద్ధతి చేతిలో ఉండగా మళ్లీ పూసలు లెక్కపెట్టడం అంటే వెయ్యేళ్లు వెనక్కి నడిచినట్టే.

పక్క దుకాణానికి పంపితే

అందుకే చాలామంది సులువు దారి పడతారు. లెక్క వచ్చిన ప్రతిసారీ ‘షెల్’ను పిలుస్తారు. మన దుకాణంలో కాలిక్యులేటర్ లేదు కాబట్టి కుర్రాడిని పక్క దుకాణానికి పంపి లెక్క చేయించుకు రమ్మనడం లాంటిది. జవాబు వస్తుంది. కానీ ఇందులో నాలుగు గుంతలు ఉన్నాయి.

మొదటిది ఆలస్యం. ప్రతి పిలుపుకూ ఒక కొత్త ప్రాసెస్ మొదలవ్వాలి. పైగా మేక్‌లో మామూలు ‘ఈక్వల్’ గుర్తుతో విలువ రాస్తే, దాన్ని వాడిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. వందసార్లు వాడితే కుర్రాడు వందసార్లు పరుగెత్తాలి. ఈక్వల్ ముందు కోలన్ పెడితే ఒక్కసారి చేసి విలువను దాచుకుంటుంది.

రెండోది డాలర్ గుర్తు. షెల్‌లో లెక్క చేయించే రాత డాలర్‌తో మొదలవుతుంది. మేక్‌లో కూడా డాలర్‌కు సొంత అర్థం ఉంది. కాబట్టి మేక్‌ఫైల్‌లో దాన్ని రెండుసార్లు రాయాలి. ఒక్కసారి రాస్తే మేక్ ఆ లెక్కనంతా ఏదో వేరియబుల్ పేరనుకుంటుంది. ఆ పేరుతో ఏదీ ఉండదు గనక ఖాళీ ఇస్తుంది. ఎర్రర్ అని ఒక్క మాట కూడా అనదు.

మూడోది 08. బాష్ షెల్‌లో సున్నాతో మొదలయ్యే అంకెను ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్యగా తీసుకుంటారు. అందులో 8, 9 అంకెలు ఉండవు. ఇప్పుడు బిల్డ్ పేరులో నెల అంకె వాడి, దానికి ఒకటి కలిపారనుకుందాం. జనవరి నుంచి జులై దాకా అంతా బాగానే ఉంటుంది. ఆగస్టు రాగానే 08, సెప్టెంబర్‌లో 09. లెక్క చెడిపోతుంది. అక్టోబర్‌లో 10 వచ్చేసరికి మళ్లీ దానంతటదే బాగవుతుంది! కారణం తెలియనివాడు రెండు నెలలు తల పట్టుకోవాల్సిందే. ఇంకో సంగతి, ఇలా షెల్ విఫలమైనా మేక్ ఆగదు. ఖాళీ విలువ తీసుకుని ముందుకు పోతుంది.

నాలుగోది వేరే ఊరి సమస్య. లినక్స్‌లో ఉండే చిన్న చిన్న కమాండ్లు విండోస్‌లో అలాగే ఉండవు. ఇక్కడ నడిచిన మేక్‌ఫైల్ అక్కడ నడుస్తుందన్న భరోసా లేదు.

2013లో ఒక తలుపు, 2022లో ఒక కిటికీ

గ్నూ మేక్ 4.0 వెర్షన్ 2013లో వచ్చింది. అందులో రెండు దారులు తెరిచారు. ఒకటి, ‘గైల్’ అనే పూర్తి ప్రోగ్రామింగ్ భాషను మేక్ లోపలే వాడుకునే వీలు. అందులో అన్ని లెక్కలూ వస్తాయి. కానీ మేక్‌ను కంపైల్ చేసేటప్పుడే గైల్‌ను కలపాలి. చాలాచోట్ల కలపరు. డెబియన్‌లో దానికోసం వేరే ప్యాకేజీయే ఉంది. రెండోది, సీ భాషలో సొంత ఫంక్షన్ రాసి ‘లోడ్’ అనే ఆదేశంతో మేక్‌కు తగిలించుకోవచ్చు. ఫంక్షన్ పేరు, కనీసం ఎన్ని విలువలు తీసుకుంటుంది, గరిష్ఠంగా ఎన్ని అని నమోదు చేస్తే చాలు, మేక్ దాన్ని తన సొంతదానిలాగే పిలుస్తుంది. కూడిక ఫంక్షన్ ఇలా పది ఇరవై లైన్లలో రాసుకోవచ్చు. అయితే మేక్‌ఫైల్ తీసుకున్న ప్రతివాళ్లూ ముందు ఆ ముక్కను తమ కంప్యూటర్ కోసం తయారుచేసుకోవాలి.

తర్వాత 2022 అక్టోబర్‌లో 4.4 వెర్షన్ వచ్చింది. అందులో ‘ఇంట్‌కంప్’ అనే ఫంక్షన్ చేర్చారు. రెండు పూర్ణాంకాలు ఇస్తే అంకెలుగానే పోలుస్తుంది. మొదటిది చిన్నదైతే ఒక జవాబు, సమానమైతే ఇంకొకటి, పెద్దదైతే మరొకటి ఇస్తుంది. కూడిక, తీసివేతలు మాత్రం ఇంకా సొంతంగా లేవు. అయినా మేక్‌ఫైళ్లలో ఎక్కువగా కావాల్సింది పోలికే కాబట్టి ఇది పెద్ద ఊరట.

కానీ కొత్త ఫంక్షన్ వచ్చినంత మాత్రాన పని అయిపోదు. యాపిల్ తన డెవలపర్ టూల్స్‌తో ఇచ్చేది పాత 3.81 వెర్షన్. అది 2006 నాటిది. ఆ తర్వాతి వెర్షన్ల నుంచి మేక్ జీపీఎల్ మూడో లైసెన్సులోకి మారింది, యాపిల్ అక్కడే ఆగిపోయింది. పాత మేక్‌కు ఇంట్‌కంప్ అని రాస్తే ఏమవుతుంది? ఫంక్షన్ తెలియదని చెప్పదు. దాన్ని కూడా వేరియబుల్ పేరే అనుకుని ఖాళీ ఇచ్చేస్తుంది. అంటే ఒకరి ల్యాప్‌టాప్‌లో సరిగ్గా జరిగిన తనిఖీ, ఇంకొకరి దగ్గర జరగకుండానే జరిగినట్టు కనిపిస్తుంది. ఎర్రర్ ఇచ్చే టూల్ కంటే మౌనంగా ఉండే టూల్ ప్రమాదకరం అనేది ఇందుకే.

లినక్స్ కెర్నల్ వాళ్లు దీన్ని ఎలా ఎదుర్కొన్నారో చూడటం మంచి పాఠం. వాళ్ల బిల్డ్ ఫైళ్లలో ముందు ఒక చిన్న పరీక్ష పెట్టారు. 1, 0లను పోల్చమని ఇంట్‌కంప్‌ను అడుగుతారు. ‘పెద్దది’ అన్న జవాబు వస్తే ఆ ఫంక్షన్ ఉన్నట్టు. ఖాళీ వస్తే లేనట్టు, అప్పుడు పాత పద్ధతిలో షెల్‌తో పోల్పిస్తారు. వెర్షన్లను కూడా చుక్కలు తీసేసి ఒకే అంకెగా రాస్తారు, 15.0.0 అయితే 150000 అన్నమాట. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పోల్చే రెండు అంకెల చివరా ఒక సున్నా తగిలిస్తారు. రెండూ పదింతలవుతాయి కాబట్టి పోలిక మారదు. ఏదైనా ఒకటి ఖాళీగా వస్తే మాత్రం అది సున్నా అయి కూర్చుంటుంది, లెక్క విరగదు.

కూడిక పెట్టడం తేలికే, నియమాలే కష్టం

మరి కూడిక, భాగహారం కూడా చేర్చేయొచ్చు కదా? కోడ్ రాయడం పెద్ద పని కాదు. ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలే చాలా ఉన్నాయి.

జకాత్ లెక్కనే తీసుకుందాం. రెండున్నర శాతం, అంటే నలభైలో ఒక వంతు. 97,350 రూపాయలకు 2,433 రూపాయల 75 పైసలు. పూర్ణాంకాలు మాత్రమే తెలిసిన టూల్ 2,433 అని ఆపేస్తుంది. ఇచ్చేది తగ్గకూడదనుకుంటే ముందే 39 కలిపి 40తో భాగించాలి, అప్పుడు 2,434 వస్తుంది. వరుస కూడా ముఖ్యమే. ముందు 25ను 1000తో భాగించి తర్వాత 97,350తో గుణిస్తే జవాబు సున్నా! ఎందుకంటే 25ను 1000తో భాగిస్తే పూర్ణాంకాల్లో వచ్చేది సున్నాయే. ముందు గుణించి, తర్వాత భాగిస్తేనే లెక్క నిలుస్తుంది.

ఇక మైనస్ 7ను 2తో భాగిస్తే? సీ భాష మైనస్ 3 అంటుంది, పైథాన్ మైనస్ 4 అంటుంది. రెండూ తమ తమ నియమం ప్రకారం సరైనవే. సున్నాతో భాగిస్తే బిల్డ్ ఆగాలా? 08 అంటే ఎనిమిదా, తప్పా? అంకె మరీ పెద్దదైతే ఏం చేయాలి? విలువ ఖాళీగా వస్తే సున్నా అనుకోవాలా, ఎర్రర్ ఇవ్వాలా? ఒకసారి ఏదో ఒకటి ఖాయం చేసి విడుదల చేశాక మార్చడం దాదాపు అసాధ్యం. మేక్‌లో ప్రతి కమాండ్ ముందు స్పేస్ కాకుండా ట్యాబ్ ఉండాలన్న నియమం కొత్తవాళ్లను ఇప్పటికీ ఏడిపిస్తోంది. అది ఇబ్బందని ఫెల్డ్‌మన్‌కు మొదట్లోనే తెలుసు. అప్పటికే డజను మంది వాడుతున్నారు, వాళ్లకు కష్టం ఎందుకని వదిలేశారు. ఆ డజను మంది కోసం వదిలేసింది ఇవాళ లోకమంతా మోస్తోంది.

ఎవరి దారి వారిది

మిగతా బిల్డ్ టూళ్లు ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులిచ్చాయి. సీమేక్‌లో ‘మ్యాథ్’ అనే ఆదేశం ఉంది. సీ భాషలోలాగే లెక్కలు రాయొచ్చు, పూర్ణాంకాలు మాత్రమే. వెర్షన్ల పోలికకు వేరే గుర్తులే ఉన్నాయి కాబట్టి 4.9, 4.10 గొడవ లేదు. బీఎస్‌డీ వాళ్ల మేక్‌లో షరతులు రాసేటప్పుడు అంకెల పోలిక ముందు నుంచీ చేసుకోవచ్చు.

గూగుల్‌లో క్రోమ్ బ్రౌజర్ కోసం ఇవాన్ మార్టిన్ రాసిన ‘నింజా’ సరిగ్గా దీనికి ఉల్టా. అందులో తెలివి కావాలనే పెట్టలేదు. లెక్కలన్నీ ముందే వేరే ప్రోగ్రాము చేసిపెట్టాలి, నింజా వాటిని వేగంగా అమలు చేస్తుంది, అంతే. ‘బేజల్’ మధ్యస్థంగా నిలిచింది. దాని భాష స్టార్‌లార్క్ చూడటానికి పైథాన్‌లా ఉంటుంది, లెక్కలన్నీ వస్తాయి. కానీ ‘వైల్’ లూప్ లేదు, ఫంక్షన్ తనను తాను పిలుచుకోవడానికి వీల్లేదు. బిల్డ్ ఫైలు చదవడమే ఎప్పటికీ ముగియని పని కాకూడదని ఆ కట్టుబాటు.

ఇక్కడే అసలు సంగతి తెలుస్తుంది. లెక్కలు చేర్చిన కొద్దీ బిల్డ్ ఫైలు మెల్లగా ఒక ప్రోగ్రాముగా మారుతుంది. ప్రోగ్రామన్నాక తప్పులుంటాయి. ఆ తప్పులకు టెస్టులు ఎవరూ రాయరు. రాసినవాళ్లు ఉద్యోగం మారితే ఆ ఫైలును ముట్టుకోవడానికి తర్వాతి వాళ్లు భయపడతారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు కొన్ని పద్ధతులు పాటిస్తే చాలు. పోలిక మాత్రమే కావాలంటే ఇంట్‌కంప్ వాడండి, కెర్నల్ వాళ్లలాగా ముందు అది ఉందో లేదో పరీక్షించండి. షెల్‌తో లెక్క చేయిస్తే కోలన్, ఈక్వల్‌తో ఒక్కసారే చేయించి విలువ దాచుకోండి, వచ్చింది ఖాళీ కాదని చూసుకోండి. నిర్వచించని వేరియబుల్స్ గురించి హెచ్చరించే ఆప్షన్ మేక్‌లోనే ఉంది, దాన్ని ఆన్ చేసి ఒకసారి నడిపితే మౌనంగా జరిగే తప్పులు చాలావరకు బయటపడతాయి. తేదీలు, నెలల అంకెలు వాడితే 08, 09తో ముందే పరీక్షించండి. లెక్క మూడు నాలుగు లైన్లు దాటుతోందంటే దాన్ని పైథాన్ స్క్రిప్టులోకి తీసేయండి. దర్జీకి కొలతలు ఇస్తే చాలు, ఖాతా పుస్తకం కూడా అతని చేతే రాయించాల్సిన అవసరం లేదు.